34 ఏళ్లకి సర్ఫింగ్ మొదలుపెట్టాను: బోర్డు ముక్కు మునిగిపోతోంది, పడితే గాబరా వస్తోంది, ఏం చేయాలి?

కొత్తకెరటం:

అందరికీ నమస్తే. నా వయసు 34, బరువు 74 కిలోలు. ఈత వచ్చు, కానీ నేర్చుకున్నదంతా స్విమ్మింగ్ పూల్‌లోనే, ఆగకుండా ఓ 200 మీటర్లు ఈదగలను. ఈ మధ్య రెండు గంటల సర్ఫింగ్ క్లాసుకి వెళ్లాను. కోచ్ వెనక నుంచి బోర్డు తోస్తుంటే నాలుగైదు సార్లు లేచి నిలబడ్డాను. ఒక్కోసారి రెండు మూడు సెకన్లే, కానీ కాళ్ల కింద నీళ్లు మనల్ని మోసుకెళ్తున్న ఆ ఫీలింగ్ మాత్రం ఇప్పటికీ వదలడం లేదు. అప్పటినుంచి ఇదే ధ్యాస.

తర్వాత రెండుసార్లు బోర్డు అద్దెకి తీసుకుని ఒక్కడినే వెళ్లాను. రెండుసార్లూ ఒక్క అల కూడా సరిగ్గా దొరకలేదు. దొరికిందనుకునేలోపు బోర్డు ముక్కు నీళ్లలోకి దిగబడుతుంది, నేను తలకిందులుగా వెళ్లి పడతాను. సరే కదా అని కాస్త వెనక్కి జరిగి పడుకుంటే అల నా కిందనుంచి వెళ్లిపోతుంది, నేను ఉన్నచోటే ఉంటాను. రెండోసారి నాకు ఇచ్చింది 6 అడుగుల 4 అంగుళాల గట్టి ఫైబర్ బోర్డు, దాని మీద పడుకుని బ్యాలెన్స్ చేయడమే పెద్ద పనైపోయింది. పావుగంటకే భుజాలు పట్టేశాయి. అన్నిటికంటే ఇబ్బంది ఏంటంటే, పడ్డాక నీళ్ల కింద ఏది పైనో ఏది కిందో తెలియక విపరీతమైన గాబరా వస్తోంది.

ముందు పడుకునే అల ఎక్కే బాడీబోర్డో, నిలబడి తెడ్డు వేసే ప్యాడిల్‌బోర్డో నేర్చుకుని తర్వాత సర్ఫింగ్‌కి రావడం మంచిదా? సొంత బోర్డు ఇప్పుడే కొనాలా? మనిషిని సముద్రం లోపలికి లాగేసే ప్రవాహం, అదే రిప్ కరెంట్, గురించి చదివిన దగ్గర నుంచి ఇంట్లోవాళ్లు కూడా టెన్షన్ పడుతున్నారు, దాని గురించి కూడా తెలిసినవాళ్లు చెప్పండి.

ఉప్పునీరు:

ఆ 6 అడుగుల 4 అంగుళాల బోర్డు మీద ఏమీ రాలేదని బాధపడకండి, అది మీకు ఇవ్వాల్సిన బోర్డే కాదు. బోర్డు పొడవుతో పాటు చూడాల్సింది దాని లీటర్లు, అంటే అది ఎంత నీటిని పక్కకి నెట్టి తేలగలదు అన్నది. కొత్తలో మన బరువు ఎన్ని కిలోలో, కనీసం అన్ని లీటర్లైనా ఉండాలి, ఇంకా ఎక్కువ ఉంటే ఇంకా హాయి. అంత పొడవున్న షార్ట్‌బోర్డులో 35 లీటర్ల చుట్టుపక్కల ఉంటాయి. 74 కిలోల మనిషి దాని మీద పడుకుంటే సగం నీళ్లలో మునిగే చేతులు ఆడించాలి, భుజాలు పట్టేయకుండా ఎలా ఉంటాయి? పైన మెత్తటి ఫోమ్ ఉండే సాఫ్ట్‌టాప్ బోర్డు, 8 అడుగుల 6 అంగుళాలు లేదా 9 అడుగులది అడిగి తీసుకోండి. అది లేదంటే ఆ రోజు దిగకండి, అంతే.

ఇక ముక్కు మునగడం. నేను చాలా ఏళ్లుగా కొత్తవాళ్లతో నీళ్లలో ఉంటున్నాను, దీనికి ప్రతిసారీ కనిపించే కారణాలు రెండే. ఒకటి, పడుకునే చోటు. బోర్డు కదలకుండా ఉన్నప్పుడు దాని ముక్కు నీటి మీద రెండు మూడు అంగుళాలు లేచి ఉండాలి. నిలిచిన నీళ్లలో కాస్త ముందుకీ వెనక్కీ జరుగుతూ ఆ చోటు పట్టుకోండి, దొరికాక మీ గడ్డం బోర్డు మీద ఎక్కడికి వచ్చిందో చూసి, జారకుండా బోర్డుకి రాసే వ్యాక్స్ ముక్కతో అక్కడ అడ్డంగా ఒక గీత గీయండి. ఇక ప్రతి అలకీ గడ్డం ఆ గీత మీదే. ఈ చిన్న గీతతోనే సగం సమస్య తీరిపోవడం చాలామందిలో చూశాను.

రెండోది, ఆలస్యం. అల నిటారుగా లేచి విరగబోతున్నప్పుడు చేతులు ఆడించడం మొదలుపెడితే బోర్డుకి వేగం ఉండదు, ముక్కు నేరుగా కిందికి చూస్తుంది, మీరు దాని వెనకే వెళ్తారు. అసలు మీరు ఇప్పుడే విరగని అలల జోలికి వెళ్లకూడదు. నడుము లోతు నీళ్లలో నిలబడి, అప్పటికే విరిగి నురుగుగా వస్తున్న అలల మీదే పని చేయాలి. నురుగు మీకు నాలుగైదు మీటర్ల దూరంలో ఉండగానే ఒడ్డువైపు తిరిగి పడుకుని చేతులు వేయడం మొదలుపెట్టండి. అల వెనక నుంచి ఎత్తుతున్నట్టు తెలుస్తుంది, చాలామంది అక్కడే లేచేస్తారు. లేవకండి, ఇంకో రెండుసార్లు గట్టిగా నీళ్లు లాగండి, బోర్డు దానంతట అది జారుతోందని తెలిశాక లేవండి.

లేవడం గురించి కూడా చెప్పేస్తాను. అరచేతులు రొమ్ము పక్కన, పక్కటెముకల దగ్గర బోర్డు మీద పరచి ఆనించాలి, అంచులు పట్టుకోకూడదు, పట్టుకుంటే బోర్డు పక్కకి ఒరుగుతుంది. నేలమీద ఒక చాప వేసుకుని రోజూ ఇరవై సార్లు చేయండి, నీళ్లలో ఆలోచించే టైం ఉండదు కాబట్టి ఒంటికి అలవాటైపోవాలి. మోకాళ్ల మీదకొచ్చి తర్వాత నిలబడడం మొదటి రోజు పర్వాలేదు కానీ నా ఉద్దేశంలో అది అలవాటు కానివ్వకూడదు, తర్వాత మాన్పించడం చాలా కష్టం. లేచేటప్పుడు కాళ్లవైపు చూస్తే పడడం ఖాయం, ఒడ్డున ఏదైనా ఒక చెట్టో స్తంభమో ఎంచుకుని దాన్నే చూడండి.

ఇప్పుడు అసలు సంగతి. మీరు రాసినదాంట్లో నాకు కంగారు పుట్టించింది "ఒక్కడినే వెళ్లాను" అన్న మాట. దయచేసి ఇంకో ఏడాది వరకు ఒక్కరే వెళ్లొద్దు. వెళ్లగానే దిగొద్దు కూడా. పదిహేను ఇరవై నిమిషాలు ఒడ్డున కూర్చుని చూడండి. అలలు ఒకే తీరుగా రావు, కాసేపు చిన్నవి వస్తాయి, తర్వాత పెద్దవి నాలుగైదు వరసగా వస్తాయి, మళ్లీ సద్దుమణుగుతుంది. ఆ సద్దుమణిగిన రెండు నిమిషాలు చూసి దిగితే తర్వాత వచ్చే వరస మిమ్మల్ని ఆశ్చర్యపరుస్తుంది. అలల ఎత్తు రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుందని గుర్తుంచుకోండి, మోకాలి ఎత్తుకీ నడుము ఎత్తుకీ ఉన్న తేడా చూడ్డానికి కనిపించినంత చిన్నది కాదు. ఇసుక అడుగు, నెమ్మదిగా లోతు పెరిగే చోటు కావాలి. అల సరిగ్గా ఒడ్డు మీదే దబ్బున విరిగే చోటు ఎంత చిన్నగా కనిపించినా వద్దు, తల నేలకి తగిలి మెడ దెబ్బలు తగిలేది అలాంటి చోట్లే.

రిప్ కరెంట్ కూడా ఇలా చూస్తేనే కనిపిస్తుంది. అలలు మోసుకొచ్చిన నీళ్లన్నీ మళ్లీ లోపలికి వెళ్లడానికి ఒక దారి వెతుక్కుంటాయి, అడుగున ఇసుక కాస్త లోతుగా ఉన్న కాలువలాంటి చోటు నుంచి వేగంగా వెనక్కి వెళ్తాయి. లోతు ఎక్కువ కాబట్టి అక్కడ అలలు పెద్దగా విరగవు. అటూ ఇటూ తెల్లటి నురుగు, మధ్యలో ముదురు రంగులో ప్రశాంతంగా ఒక సందు కనిపిస్తుంది. తెలియనివాళ్లు అదే మంచి చోటనుకుని అక్కడే దిగుతారు. అది మనిషిని కిందికి లాగదు, లోపలికి లాగుతుంది. ఒక్కోసారి సెకనుకు 2 మీటర్లకు పైగా ఉంటుంది, ఒలింపిక్ ఈతగాడు కూడా దానికి ఎదురీదలేడు. అందుకే ఒడ్డువైపు ఈదకుండా, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి వెళ్లి, అలలు విరుగుతున్న చోటు నుంచి వెనక్కి రావాలి. ఏం జరిగినా బోర్డు వదలొద్దు, అది తేలుతుంది, దూరం నుంచి కనిపిస్తుంది కూడా. అలసిపోతే దాని మీద పడుకుని ఒక చెయ్యి ఎత్తి ఊపండి.

తెడ్డు:

ఉప్పునీరు గారు బోర్డు గురించి చెప్పింది అక్షరాలా నిజం. నేను ప్యాడిల్‌బోర్డు వైపు మనిషిని కాబట్టి ఆ ప్రశ్నకి జవాబిస్తాను.

ప్యాడిల్‌బోర్డు నేర్చుకుంటే సర్ఫింగ్ సులువవుతుందా అంటే, కొంతవరకే. నీటిమీద నిలబడడం, చూపు దూరంగా పెట్టడం, మోకాళ్లు కాస్త వంచి ఉంచడం అలవాటవుతాయి. అల పట్టడం మాత్రం రాదు, అది వేరే విద్య. కానీ అలలు లేని రోజు కూడా నీళ్లలో ఉండాలనిపించేవాళ్లకి దీన్ని మించింది లేదు. 10 అడుగుల 6 అంగుళాల పొడవు, 32 అంగుళాల వెడల్పు బోర్డు మీ బరువుకి బాగుంటుంది. గాలి నింపేదైతే దాని మీద రాసినంత ప్రెషర్ వచ్చేదాకా నింపండి, చాలా బోర్డులకి అది 12 నుంచి 15 పీఎస్ఐ ఉంటుంది. చేతులు నొప్పెట్టి మధ్యలో ఆపేస్తే బోర్డు నడుం దగ్గర అరటి కాయలా వంగిపోతుంది. తెడ్డు మీ ఎత్తుకంటే 8 నుంచి 10 అంగుళాలు ఎక్కువ ఉండాలి. తెడ్డు రెక్క వంపు ముందువైపుకి ఉండాలి, కొత్తవాళ్లలో సగం మంది దాన్ని తిప్పి పట్టుకుంటారు, నీళ్లని చెంచాతో తోడినట్టు వంపు తమవైపుకి పెట్టుకుంటారు. మొదట మోకాళ్ల మీద వెళ్లి, బోర్డు కదులుతుండగా లేవండి, ఆగి ఉన్న బోర్డు మీద లేవడమే ఎక్కువ కష్టం.

దీంట్లో ప్రమాదం అలలు కాదు, గాలి. నాకు జరిగిందే చెప్తాను. పొద్దున్నే నీళ్లు అద్దంలా ఉన్నాయి, గాలి నేల మీదనుంచి నీళ్లవైపు వీస్తోంది. అలాంటి గాలికి ఒడ్డు దగ్గర నీళ్లు ఇంకా నున్నగా కనిపిస్తాయి. వెళ్లేటప్పుడు తెడ్డు అలా ఆనిస్తే చాలు బోర్డు దూసుకుపోతోంది, ఎంత బాగా వేస్తున్నానో అనుకున్నాను. వెనక్కి తిరిగాక తెలిసింది, తోసింది నేను కాదు గాలి అని. నిలబడి ఉంటే నా ఒళ్లే తెరచాపలా గాలికి అడ్డం పడుతోంది, పది తెడ్లు వేస్తే నాలుగు తెడ్ల దూరం కూడా రావడం లేదు. చివరికి తెడ్డుని పొట్ట కింద పెట్టుకుని, బోర్డు మీద బోర్లా పడుకుని చేతులతో లాక్కుంటూ వచ్చాను. వెళ్లడానికి పది నిమిషాలు కూడా పట్టని దూరం, రావడానికి దాదాపు గంట పట్టింది. అరచేతులు వణికిపోతూ ఇసుక మీద కూర్చుండిపోయాను. అప్పటినుంచి నేల నుంచి గాలి వీస్తుంటే బోర్డు దించను. మామూలు గాలిలో కూడా ముందు ఎదురుగాలికి వెళ్లి, గాలివాటున తిరిగొస్తాను.

బోర్డుని కాలికి కట్టే పట్టీ, అదే లీష్, ఎప్పుడూ ఉండాలి. లైఫ్ జాకెట్ కూడా. ఒక్క పారే నదిలో మాత్రం కాలికి లీష్ కట్టకండి, కొమ్మకో రాయికో చుట్టుకుంటే ప్రవాహంలో వంగి విప్పలేరు. అక్కడ లాగగానే ఊడిపోయే నడుము బెల్టు లీష్ వాడతారు.

శంఖం:

నేను 41 ఏళ్లకి మొదలుపెట్టానండి, మీకంటే ఏడేళ్లు ఆలస్యంగా. ఆ నీళ్లకింద గాబరా గురించి ఎవరూ సరిగ్గా మాట్లాడరు కాబట్టి నేను రాస్తున్నాను.

నాకు మొదటి నెలంతా అదే భయం. ఒకరోజు ఒక పెద్దావిడ చెప్పారు, మునిగినప్పుడు లెక్కపెట్టమ్మా అని. మునగ్గానే మనసులో ఒకటి, రెండు, మూడు అనుకోవడం మొదలుపెట్టాను. ఆ చిన్న అలల్లో ఒక్కసారి కూడా లెక్క ఐదు దాటలేదు. నాకేమో అర నిమిషం మునిగినట్టు అనిపించేది! ఆ అంకె తెలిశాక గాబరా దానంతట అదే తగ్గింది. గింజుకోకండి, అల తిప్పుతున్నంతసేపు ఒళ్లు వదులుగా పెట్టి రెండు చేతులతో తల కప్పుకోండి, అది వదిలేశాక మనం పైకి తేలతాం. పైకి వచ్చేటప్పుడు ఒక చెయ్యి తలకి పైన పెట్టుకుని రండి, ఎందుకంటే బోర్డు సరిగ్గా మన నెత్తిమీదే ఉండొచ్చు. పడేటప్పుడు ఎప్పుడూ తల ముందు పెట్టి దూకకూడదు, లోతు ఎంతో మనకి తెలీదు, వీపు మీదో పక్కకో పరచినట్టు పడాలి. ఊపిరి బిగబట్టే ప్రాక్టీస్ పూల్‌లో ఒంటరిగా అస్సలు చేయకండి, తెలియకుండానే స్పృహ పోతుంది, అలా చనిపోయినవాళ్లున్నారు. దానికంటే రోజూ ఈత దూరం పెంచుకోండి, 200ని 400 చేయండి. సర్ఫింగ్‌ని ప్రపంచానికి పరిచయం చేసిన హవాయి మనిషి డ్యూక్ కహనమోకు ముందు గొప్ప ఈతగాడు, 1912 ఒలింపిక్స్‌లో 100 మీటర్ల ఫ్రీస్టైల్ స్వర్ణం ఆయనదే. ఈత బలంగా ఉన్నవాళ్లకి భయం తక్కువ, భయం తక్కువైతే నేర్చుకోవడం తొందర.

బాడీబోర్డు విషయానికొస్తే, నా ఓటు దానికే. 1971లో టామ్ మోరే అనే ఆయన హవాయిలో తయారుచేసిన పొట్టి ఫోమ్ ముక్క అది. నిలబెడితే బొడ్డు దాకా రావాలి, అదే కొలత. దాని మీద పడుకునే అల ఎక్కుతాం కాబట్టి లేవడం గురించి ఆలోచించక్కర్లేదు, అల ఎప్పుడు ఎత్తుతుందో, ఎటువైపు విరుగుతుందో, ఎప్పుడు వదిలేయాలో అన్నీ ఒంటికి తెలుస్తాయి. నేను మూడు నెలలు అదే చేసి తర్వాత పెద్ద బోర్డు ఎక్కాను. పిల్లల ఆట అని చిన్నచూపు చూస్తారు గానీ, నాకు సముద్రాన్ని నేర్పింది అదే.

ఒడ్డుగాలి:

అందరూ బాగా రాశారు. ఎవరూ చెప్పనివి రెండు మూడు ఉన్నాయి, అవి రాస్తాను.

నడుచుకుంటూ లోపలికి వెళ్లేటప్పుడు బోర్డు ఎప్పుడూ మీకూ అలకీ మధ్యలో ఉండకూడదు. పక్కన పెట్టుకుని, ముక్కు అలవైపు చూపిస్తూ తోసుకెళ్లాలి. నేను ఒకసారి మాట్లాడుతూ బోర్డు అడ్డంగా పట్టుకున్నాను, వచ్చింది మోకాలి ఎత్తు అలే, బోర్డు అంచు వచ్చి పై పెదవికి తగిలి మూడు కుట్లు పడ్డాయి. లీష్‌ని చేతికి చుట్టుకుని లాగడం కూడా వద్దు, అల లాగితే వేళ్లు విరుగుతాయి. లీష్ వెనక కాలికి కట్టాలి. ఏది వెనక కాలో తెలియకపోతే, నున్నటి నేల మీద సాక్సులతో పరిగెత్తి జారినప్పుడు ఏ కాలు ముందుకెళ్తుందో చూడండి, అదే ముందు కాలు. ఎడమకాలు ముందుంటే రెగ్యులర్, కుడికాలు ముందుంటే గూఫీ అంటారు, రెండూ సరైనవే.

నురుగు అలలు దాటి లోపలికి వెళ్లే రోజు వచ్చాక మర్యాదలు తెలియాలి. అల మొదట విరిగే చోటికి ఎవరు దగ్గరగా ఉంటే ఆ అల వాళ్లది, వాళ్లు ఎక్కాక మనం దాంట్లో దూరకూడదు. లోపలికి వెళ్లేటప్పుడు అలలు విరిగే చోటు మధ్యలోంచి కాకుండా చుట్టూ తిరిగి వెళ్లాలి. పెద్ద అల వచ్చిందని బోర్డు వదిలేసి మునగడం అన్నిటికంటే పెద్ద తప్పు, వెనక ఉన్నవాళ్ల తలకి తగులుతుంది. తప్పు జరిగితే చెయ్యెత్తి సారీ చెప్పండి, చాలా గొడవలు అక్కడితో ఆగిపోతాయి.

వీడియోలు చూసి అంచనాలు పెట్టుకోకండి అని కూడా చెప్తాను. 2024 ఒలింపిక్స్ సర్ఫింగ్ జరిగిన తహితీ దీవిలోని అల లోతు తక్కువున్న పగడపు దిబ్బ మీద విరుగుతుంది, దాన్ని ఎక్కేవాళ్లు చిన్నప్పటినుంచి నీళ్లలో పెరిగినవాళ్లు. మనం చూడాల్సిన వీడియోలు కొత్తవాళ్లు నురుగులో లేచేవి, పడేవి.

సొంత బోర్డు ఇప్పుడే వద్దు. పది పదిహేను సార్లు అద్దెబోర్డుల మీద వెళ్లండి, రెండు మూడు సైజులు మారుస్తూ. అప్పుడు ఏం కావాలో మీకే తెలుస్తుంది. కొనాల్సిందేదైనా ఉంటే ఒంటికి అతుక్కునే పొడుగు చేతుల రాష్‌గార్డ్ కొనండి, లేకపోతే బోర్డు రాపిడికి రొమ్ము, పొట్ట చర్మం లేచిపోతుంది.

కొత్తకెరటం:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి, చేసి చూశాకే రాద్దామనుకున్నాను. 9 అడుగుల సాఫ్ట్‌టాప్ అడిగి తీసుకున్నాను, తోడు ఒక ఫ్రెండ్ వచ్చాడు. మొదటి ఇరవై నిమిషాలు కూర్చుని చూశాం, ఆ ముదురు రంగు సందు నిజంగానే కనిపించింది, దాని మీదుగా నురుగు ముక్కలు లోపలికి వెళ్తున్నాయి. పోయినసారి నేను దిగింది సరిగ్గా అక్కడే! ఒళ్లు జలదరించింది. ఈసారి దానికి దూరంగా దిగాం.

గడ్డం గీత పనిచేసింది. నాలుగుసార్లు వెళ్తే ముక్కు మునిగింది రెండుసార్లే. లెక్కపెట్టడం కూడా చేశాను శంఖం గారూ, నా లెక్క నాలుగు దాటలేదు. నిన్న ఎవరూ తోయకుండా, నా అంతట నేను పట్టుకున్న నురుగు అల మీద లేచి నిలబడి, బోర్డు అడుగున రెక్కల్లా ఉండే ఫిన్లు ఇసుకకి తగిలేదాకా వచ్చాను. ఫ్రెండ్ ఒడ్డు మీద అరుస్తున్నది కూడా వినబడలేదు.

ఒకే డౌట్. లేచాక బోర్డు నేరుగానే వెళ్తోంది, నాకేమో కుడివైపుకి తిప్పాలని ఉంది, వంగితే పడిపోతున్నాను. ఇప్పుడే తిప్పడం నేర్చుకోవాలా, ఇంకా ఆగాలా?

ఉప్పునీరు:

చాలా సంతోషంగా ఉంది చదువుతుంటే. ఇప్పుడే మొదలుపెట్టొచ్చు, నురుగులోనే. ఒళ్లు వంచకండి, ముందు తల తిప్పి కుడివైపు ఒడ్డున ఒక చోటు చూడండి, తర్వాత ముందు చెయ్యి అటు చూపించండి, భుజం, నడుము వాటంతట అవే తిరుగుతాయి, బోర్డు మెల్లగా వాటి వెనక వస్తుంది. పొడుగు బోర్డు కదా, ఒక్క క్షణం ఆలస్యంగా తిరుగుతుంది, ఆ క్షణం తొందరపడి బరువు వేసేయడం వల్లే పడుతున్నారు. ఫిన్లు ఇసుకకి తగిలేదాకా మాత్రం రాకండి, మోకాలి లోతు రాగానే వెనక్కి పరచినట్టు దిగిపోండి, ఫిన్ విరగడమే కాదు, బోర్డు టక్కున ఆగి మీరు ముందుకి వెళ్లి పడతారు.